న్యూకమ్ కొలతలు నార్మల్‌గా ఉన్నాయా? గ్రాఫులతో తేల్చుకున్న ఒక కేస్ స్టడీ

"ఈ దత్తాంశం నార్మల్‌గా ఉందా?" అన్న ప్రశ్న, అంటే విలువలు సగటుకు రెండు పక్కలా గంట ఆకారంలో పరుచుకున్నాయా అన్న ప్రశ్న, నా దగ్గరకు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. కొలతలు పూర్తయి, నివేదిక సగం రాయడం కూడా అయ్యాక ఎవరో ఒకరు నార్మల్ అవునో కాదో చూసే షపీరో-విల్క్ పరీక్ష చేసి, వచ్చిన పి-విలువ (నార్మల్ అయితే ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడానికి ఉన్న సంభావ్యత) ఒక్కటే పంపి, "సరేనా, కాదా చెప్పండి" అంటారు. ఆ ఒక్క అంకెను చూసి సరే అనలేను, కాదనీ అనలేను. ఈ దత్తాంశంతో చివరికి ఏం లెక్కకట్టబోతున్నారో చెప్పమంటాను, గ్రాఫులు గీసి పంపమంటాను. నార్మల్ కాకపోతే ఎక్కడ కాదు, ఎంత మేరకు కాదు, ఆ తేడా మనం వేయబోయే లెక్కను చెడగొడుతుందా? వీటికి జవాబు గ్రాఫులోనే దొరుకుతుంది.

కొలత ప్రయోగశాలల దత్తాంశాన్ని విశ్లేషించడం నా పని. అక్కడి అంకెలను బయటపెట్టే హక్కు నాకు లేదు. అందుకే ఎవరైనా మళ్లీ లెక్కించి సరిచూసుకోగలిగే పాత దత్తాంశం ఒకటి తీసుకుని, పనిలో ఏ క్రమంలో వెళతానో అదే క్రమంలో ఇక్కడ చేసి చూపిస్తున్నాను.

అంకెలు, అడిగిన లెక్క

1882లో ఖగోళ శాస్త్రవేత్త సైమన్ న్యూకమ్ కాంతి వేగాన్ని కొలిచారు. పొటోమాక్ నదికి ఒక పక్క ఉన్న ఫోర్ట్ మయర్ నుంచి బయలుదేరిన కాంతి, అవతల వాషింగ్టన్ స్మారక స్తంభం మొదట్లో పెట్టిన అద్దాన్ని తాకి తిరిగి రావాలి. రానూపోనూ సుమారు 7,442 మీటర్లు. ఈ ప్రయాణానికి పట్టిన సమయాన్ని గిర్రున తిరిగే అద్దం సాయంతో లెక్కించారు. ఆ కొలతల్లో 66 ఇప్పటికీ గణాంక శాస్త్ర పాఠాల్లో తిరుగుతున్నాయి. రాసుకోవడానికి సులువుగా ఉండేలా ప్రతి కొలతలోంచి 24,800 నానోసెకన్లు తీసేసి మిగిలినదే చూపిస్తారు. అంటే పట్టికలో 28 అని ఉంటే అసలు సమయం 24,828 నానోసెకన్లు.

వేయాల్సిన లెక్క మామూలుదే: సగటు, దానికి 95 శాతం విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల హద్దులు). ఇంకొకటి కూడా అడిగారనుకుందాం. ఇదే పరికరంతో మరొక్క కొలత తీస్తే అది ఏ హద్దుల మధ్య పడుతుంది? ఈ రెండు ప్రశ్నలూ ఒకేలా కనిపిస్తాయి కానీ నార్మల్ అన్న ఊహ మీద ఆధారపడే తీరులో రెంటికీ చాలా తేడా ఉంది. ఆ సంగతి చివర్లో తేలుతుంది.

66 కొలతల సగటు 26.2, ప్రామాణిక విచలనం (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 10.7. మధ్యగతం (వరుసగా పేర్చితే నడుమ వచ్చే విలువ) 27. సగటుకూ మధ్యగతానికీ మధ్య ఒక యూనిట్ కూడా తేడా లేదు కాబట్టి పంపిణీ రెండు వైపులా సమంగానే ఉందని చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మరో లెక్క చూడండి. నార్మల్ అయితే సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక విచలనం లోపల 68 శాతం విలువలు ఉండాలి. ఇక్కడ 66లో 61 ఉన్నాయి, అంటే 92 శాతం. గ్రాఫు గీయకముందే ఏదో తేడాగా ఉందని తెలిసిపోతోంది. ఏమిటా తేడా అన్నది మాత్రం ఈ అంకె చెప్పదు.

హిస్టోగ్రామ్: తరగతి వెడల్పు మారితే కథ మారుతుంది

సాఫ్ట్‌వేర్‌ను దాని మానాన వదిలేస్తే ఈ దత్తాంశానికి అది సాధారణంగా పది యూనిట్ల వెడల్పున్న తరగతులు వేసి, ఒక్కో తరగతిలో ఎన్ని కొలతలు పడ్డాయో స్తంభంగా చూపిస్తుంది. తరగతుల సంఖ్యకు 1926 నాటి స్టర్జెస్ సూత్రం ఇప్పటికీ చాలా ప్యాకేజీల్లో మొదటి ఎంపిక. అలా గీస్తే ఎడమవైపు చివర ఒక కొలత, చాలా ఖాళీ, మరో కొలత, మళ్లీ ఖాళీ, ఆ తర్వాత 4, 43, 17 ఎత్తుల్లో మూడు స్తంభాలు వస్తాయి. 66 కొలతల్లో 43 ఒకే స్తంభంలో కూరుకుపోయాయి. దీన్ని చూసి గంట ఆకారం ఉందనో లేదనో అనడం అర్థం లేని పని. ఈ బొమ్మ నమ్మకంగా చెప్పేది ఒక్కటే: రెండు కొలతలు, −44, −2, మిగతా గుంపుకు చాలా దూరంగా పడ్డాయి.

వాటిని కాసేపు పక్కన పెడదాం. కొట్టేయడం లేదు, పక్కన పెడుతున్నాను. మిగిలిన 64 కొలతలను నాలుగేసి యూనిట్ల తరగతుల్లో వేస్తే ఇలా వస్తుంది:

16–19 | ***
20–23 | ******** 
24–27 | *********************
28–31 | *****************
32–35 | ******** 
36–39 | ****** 
40–43 | *

చక్కటి గుట్ట. కుడివైపు కొంచెం ఎక్కువగా సాగినట్టుంది, అంతే. ఇప్పుడు ఇవే కొలతలను మూడేసి యూనిట్ల తరగతుల్లో వేయండి. 15–17 నుంచి మొదలుపెడితే ఎత్తులు వరుసగా 2, 2, 7, 15, 18, 10, 3, 5, 2. ఉన్నట్టుండి 33–35 దగ్గర ఒక పల్లం, 36–38 దగ్గర రెండో గుట్ట పుట్టుకొచ్చాయి! ఈ బొమ్మ ఒక్కటే చూసిన వాళ్లు "రెండు రకాల కొలతలు కలిసిపోయాయేమో" అని అనుమానించడం సహజం. అసలు కారణం చాలా చిన్నది. 36 అన్న విలువ నాలుగుసార్లు వచ్చింది, 35 ఒక్కసారీ రాలేదు. ఐదుసార్లు వచ్చిన 32 ముందు తరగతిలోకి పోతే పల్లం కనిపిస్తుంది, 35తో పాటు ఒకే తరగతిలో పడితే మాయమవుతుంది.

తరగతి వెడల్పుకు నేను వాడేది ఫ్రీడ్‌మన్, డయకోనిస్ 1981లో ఇచ్చిన సూత్రం. చతుర్థాంశాల (కొలతల్లో పావు వంతు, ముప్పావు వంతు ఏ విలువల కింద ఉంటాయో ఆ రెండు విలువల) మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, కొలతల సంఖ్య ఘనమూలంతో భాగించాలి. ఇక్కడ ఆ దూరం 7 కాబట్టి వెడల్పు సుమారు 3.5 వస్తుంది. అంటే మూడు గానీ నాలుగు గానీ తీసుకోవచ్చు. సూత్రం సరిగ్గా ఆ రెండు బొమ్మల మధ్యే నిలబెట్టి, ఎంపిక మనకు వదిలేసింది. అందుకే హిస్టోగ్రామ్‌ను ఎప్పుడూ కనీసం రెండు వెడల్పులతో గీస్తాను. రెంటిలోనూ నిలిచే విశేషాన్నే నమ్ముతాను. యాభై అరవై కొలతలకు హిస్టోగ్రామ్ మీదుగా నార్మల్ వక్రాన్ని గీసి "చూడండి, ఎంత బాగా అతికిందో" అనే అలవాటు నాకు అసలు నచ్చదు. నడుమ భాగం దాదాపు దేనికైనా అతుకుతుంది. తేడా ఉండేది తోకల్లో, అంటే రెండు చివరల్లో; అక్కడేమో స్తంభాలు ఒకటి రెండు యూనిట్ల ఎత్తే ఉంటాయి కాబట్టి కంటికి ఆనవు.

రెండు చతుర్థాంశాల మధ్య పెట్టె గీసి, దూరంగా పడ్డవాటిని విడి చుక్కలుగా చూపే బాక్స్ ప్లాట్ సంగతి త్వరగా ముగిస్తాను. చతుర్థాంశాలు 24, 31. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు అటూ ఇటూ జరిపితే హద్దులు 13.5, 41.5. వాటికి బయట పడ్డవి −44, −2 మాత్రమే; రెండుసార్లు వచ్చిన 16 లోపలే ఉంది. నిజంగా నార్మల్ అయిన పంపిణీలో ఈ హద్దులకు బయట ఉండే భాగం 0.7 శాతం. 66 కొలతల్లో సగటున ఒక్కటి కూడా ఉండకూడదు. విడి బిందువులను పట్టుకోవడానికి బాక్స్ ప్లాట్ బాగా పనికొస్తుంది. ఆకారం గురించి చెప్పమంటే మాత్రం దాన్ని నమ్మను. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి ఊట ఎంతసేపు ఎగజిమ్మిందో చూపే 272 కొలతల దత్తాంశం చాలామందికి తెలిసే ఉంటుంది. సగటు సుమారు 3.5 నిమిషాలు. అయితే రెండున్నర నుంచి మూడున్నర నిమిషాల మధ్య ఉన్నవి మొత్తం 272లో పన్నెండే. రెండు నిమిషాల దగ్గర ఒక గుంపు, నాలుగున్నర దగ్గర ఇంకో గుంపు ఉన్నాయి. బాక్స్ ప్లాట్ గీస్తే ఆ పల్లం పెట్టె లోపల దాక్కుని ఏమీ తెలియనట్టు కూర్చుంటుంది.

క్యూ-క్యూ ప్లాట్: అసలు పని ఇక్కడే

నార్మల్ దత్తాంశం సరళరేఖగా కనిపించేలా గళ్లు గీసిన నార్మల్ సంభావ్యత కాగితాన్ని ఇంజనీరు అలెన్ హేజెన్ 1914లో జలాశయాల లెక్కల కోసం వాడారు. ఇప్పుడు మనం క్యూ-క్యూ ప్లాట్ అంటున్నదాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది మార్టిన్ విల్క్, రామనాథన్ జ్ఞానదేశికన్ 1968లో రాసిన వ్యాసం. ఈ విల్క్, 1965 నాటి షపీరో-విల్క్ పరీక్షలోని విల్క్ ఒక్కరే. ఆ పరీక్ష కొలిచేది కూడా ఇంచుమించుగా ఈ ప్లాట్‌లోని చుక్కలు ఎంత తిన్నగా ఉన్నాయన్నదే. గ్రాఫు వదిలేసి పరీక్ష ఒక్కటే పట్టుకునేవాళ్లకు ఈ సంగతి గుర్తుచేస్తుంటాను.

చేతితో గీయడం కూడా కష్టమేమీ కాదు. కొలతలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పేర్చాలి. వరుసలో ఒకటో దానికి 0.5ను 66తో భాగించిన సంభావ్యత, రెండో దానికి 1.5ను 66తో భాగించినది, ఇలా చివరిదాకా ఇవ్వాలి. ఒక్కో సంభావ్యతకు ప్రామాణిక నార్మల్ పట్టికలో సరిపడే విలువ చూడాలి. ఒకటో దానికి −2.43, రెండో దానికి −2.00, మూడో దానికి −1.78 వస్తాయి. ఇవి అడ్డ అక్షం మీద, అసలు కొలతలు నిలువు అక్షం మీద. దత్తాంశం నార్మల్ అయితే చుక్కలు ఇంచుమించుగా ఒక సరళరేఖ మీద పడతాయి. ఆ రేఖ వాలు ప్రామాణిక విచలనం, మధ్యలో దాని ఎత్తు సగటు. కొన్ని ప్యాకేజీలు అక్షాలను తారుమారు చేసి గీస్తాయి. అప్పుడు వంపుల అర్థం కూడా తిరగబడుతుంది కాబట్టి ముందు అక్షాల పేర్లు చూడండి.

ఇంతకీ పోల్చడానికి గీత ఎక్కడ గీయాలి? చాలామంది పొరపడేది ఇక్కడే. సగటు 26.2, విచలనం 10.7 తీసుకుని గీత గీస్తే కుడి చివర అది 52 దగ్గరకు చేరుతుంది. అసలు అతిపెద్ద కొలత 40. ఎడమవైపు మూడో చుక్క 7 దగ్గర ఉండాలంటుంది గీత, అక్కడున్నది 16. గుంపులోని అరవై నాలుగు కొలతలూ గీతతో పొంతన లేకుండా చదునుగా కనిపిస్తాయి, దత్తాంశమంతా పాడైందన్న అభిప్రాయం కలుగుతుంది. పాడైంది దత్తాంశం కాదు, గీత. −44 ఒక్కటే విచలనాన్ని రెట్టింపు చేసి గీతను ఏటవాలుగా ఎత్తేసింది.

అదే గీతను రెండు చతుర్థాంశాల మీదుగా గీయండి. వాలు 7ను 1.349తో (ప్రామాణిక నార్మల్‌లో చతుర్థాంశాల మధ్య దూరంతో) భాగిస్తే 5.2, మధ్యలో ఎత్తు 27.5. చివరల దగ్గర గీత చెప్పేదీ అసలు ఉన్నదీ పక్కపక్కన:

1వ కొలత: గీత ప్రకారం 14.9, అసలు −44
2వ కొలత: గీత ప్రకారం 17.1, అసలు −2
3వ కొలత: గీత ప్రకారం 18.3, అసలు 16
4వ కొలత: గీత ప్రకారం 19.1, అసలు 16
5వ కొలత: గీత ప్రకారం 19.8, అసలు 19
64వ కొలత: గీత ప్రకారం 36.7, అసలు 37
65వ కొలత: గీత ప్రకారం 37.9, అసలు 39
66వ కొలత: గీత ప్రకారం 40.1, అసలు 40

కుడి చివర చూడండి, అతిపెద్ద కొలతకూ గీతకూ ఉన్న తేడా 0.1. ఎడమ చివర ఒకటో చుక్క గీతకు 59 యూనిట్లు కింద పడింది, రెండోది 19 యూనిట్లు. మూడో చుక్క నుంచి మళ్లీ గీత పక్కనే ఉన్నాయి. తోక బరువుగా ఉంటే ఇలా ఉండదు. బరువైన తోకలున్న పంపిణీలో చుక్కలు చివరలకు వచ్చేకొద్దీ క్రమంగా గీత నుంచి విడిపోతాయి, రెండు వైపులా కలిపి చూస్తే వంకర ఎస్ ఆకారం వస్తుంది. ఇక్కడ విడిపోవడం క్రమంగా లేదు, ఒక్కసారిగా తెగిపోయింది. మిగతా 64 కొలతలు ఒక రకం, ఈ రెండు వేరే రకం అన్నది నా తీర్పు. పరికరంలోనో, చూసిన మనిషిలోనో, రాసుకోవడంలోనో ఏదో జరిగి ఉండాలి.

పనిలో చాలామంది నమ్మే మూడు విచలనాల నియమం ఇక్కడ ఏం చేస్తుందో కూడా చూడాలి. మొత్తం 66 కొలతల సగటు, విచలనాలతో లెక్కిస్తే −44 ఆరున్నర విచలనాల దూరంలో ఉంది, దొరికిపోతుంది. −2 మాత్రం 2.6 విచలనాల దూరమే కాబట్టి "పర్వాలేదు" అనిపించుకుని తప్పించుకుంటుంది. మిగతా 64 కొలతల విచలనం 5.08తో చూస్తే అదే −2 దాదాపు 5.9 విచలనాల దూరంలో ఉంది. పెద్ద దొంగ చాటున చిన్న దొంగ దాక్కున్నట్టు. క్యూ-క్యూ ప్లాట్‌లో ఈ దాగుడుమూతలు సాగవు, రెండు చుక్కలూ గీత కింద విడివిడిగా వేలాడుతూ కనిపిస్తాయి. న్యూకమ్ స్వయంగా −44ను వదిలేసి −2ను ఉంచుకున్నారు. అలా చేస్తే సగటు 27.29 వస్తుంది. ఆ నిర్ణయంతో నేను ఏకీభవించను. ఉంచితే రెంటినీ ఉంచాలి, తీస్తే రెంటినీ తీయాలి. గ్రాఫులో ఆ రెండూ ఒకే జాతివి.

మెట్లు, ఒడిదుడుకులు

రెండింటినీ పక్కన పెట్టి మిగిలిన 64 కొలతలకు ప్లాట్ మళ్లీ గీశాను. ఇప్పుడు సగటు 27.75, విచలనం 5.08. చతుర్థాంశాల మీదుగా వెళ్లే గీత ఎడమ చివర 16.1 చెబుతుంది, అసలు 16. కుడి చివర 39.4, అసలు 40. మధ్యలో చుక్కలు చిన్నచిన్న అడ్డ మెట్లుగా పేరుకున్నాయి: 28 దగ్గర ఏడు, 27 దగ్గర ఆరు. దీన్ని చూసి ఒకసారి ఒక ఇంజనీరు "ఇది నార్మల్ కాదు, మెట్లు మెట్లుగా ఉంది" అన్నారు. కొలతలను పూర్ణాంకాలకు సవరించినప్పుడు ఏ దత్తాంశమైనా ఇలాగే కనిపిస్తుంది. మెట్టు ఎత్తు ఒక యూనిట్, విచలనం ఐదు యూనిట్లు. ఈ నిష్పత్తిలో మెట్లను పట్టించుకోనక్కర్లేదు. విచలనం కూడా ఒక యూనిట్ దగ్గరే ఉంటే మాత్రం అది నార్మల్ ప్రశ్న కాదు, పరికరం సున్నితత్వం చాలలేదని అర్థం.

హిస్టోగ్రామ్‌లో రెండో గుట్టగా కనిపించిన నాలుగు 36లు ఇక్కడ గీతకు కాస్త పైన, రెండు యూనిట్ల దాకా ఎత్తులో, ఒక చిన్న మెట్టుగా ఉన్నాయి. ఎడమవైపు రెండో 16 కూడా గీతకు రెండు యూనిట్లు కింద ఉంది. ఇంత తేడా పట్టించుకోవాలా? దీనికి సమాధానం ఊహతో చెప్పకూడదు. నిజంగా నార్మల్ అయిన పంపిణీ నుంచి 64 కొలతలు తీసినా చివరి చుక్క తన స్థానానికి అటూ ఇటూ ఊగుతుంది. విచలనం 5.08 అయినప్పుడు ఆ ఊపు సుమారు 2.3 యూనిట్లు. మధ్యగతం ఊగేది 0.8 యూనిట్లే. చివరల్లో ఊగిసలాట నడుమ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువన్నమాట. చివరి చుక్క కొంచెం పక్కకు జరిగిందని కంగారుపడేవాళ్లూ, నడుమ అదే మేరకు వంపు ఉన్నా పట్టించుకోనివాళ్లూ ఈ లెక్క దగ్గరే దారి తప్పుతారు.

నేను చేసే పని ఇది. కంప్యూటర్‌తో అదే సగటు, అదే విచలనం ఉన్న నార్మల్ పంపిణీ నుంచి 64 కొలతల చొప్పున పందొమ్మిది నమూనాలు తీస్తాను. వాటిని కూడా పూర్ణాంకాలకు సవరిస్తాను. ఈ సవరణ వదిలేస్తే అసలు దత్తాంశం దాని మెట్ల వల్లే బయటపడిపోతుంది, పోలిక చెడుతుంది. ఇరవై ప్లాట్లను ఒకే పుట మీద, పేర్లు లేకుండా, అసలుదాన్ని ఎక్కడో మధ్యలో కలిపి పేర్చి, దత్తాంశాన్ని ఎన్నడూ చూడని ఒకరికి ఇచ్చి "మిగతావాటికి భిన్నంగా ఉన్నది ఏది?" అని అడుగుతాను. తేడా ఏమీ లేకపోతే వాళ్లు అసలుదాన్ని పట్టుకునే అవకాశం ఇరవైలో ఒకటి. −44, −2 ఉన్న ప్లాట్‌ను పెడితే ఎవరైనా చూడగానే పట్టేస్తారు. అవి లేని ప్లాట్‌ను పెట్టినప్పుడు చూపు కంప్యూటర్ పుట్టించిన ప్లాట్ల మీదకే ఎక్కువగా పోతుంది, ఎందుకంటే వాటిలో కొన్ని దీనికంటే వంకరగా ఉంటాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లకు నేను మొదట చేయించేది ఇదే. నార్మల్ దత్తాంశం ఎంత గజిబిజిగా ఉండగలదో కళ్లతో చూడనిదే గ్రాఫులు చదవడం రాదు.

కొలతలకు బదులు సంభావ్యతలను పోల్చే పి-పి ప్లాట్ అని ఇంకొకటి ఉంది. అందులో రెండు అక్షాలూ సున్నా నుంచి ఒకటి దాకానే ఉంటాయి. −44 ఎంత దూరంలో ఉన్నా ఎడమ మూలన సున్నా పక్కన నక్కి కూర్చుంటుంది. తోకల గురించిన ప్రశ్నకు అది పనికిరాదు, నేను వాడను.

వంపు ఉంటే ఎలా ఉంటుంది

న్యూకమ్ దత్తాంశంలో వంపు లేదు కాబట్టి, వంపున్నది ఒకటి పక్కన పెట్టి చూపించాలి. ఉత్తర అమెరికాలోని 141 పెద్ద నదుల పొడవులు మైళ్లలో ఇచ్చే దత్తాంశం ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది. సగటు 591, మధ్యగతం 425, విచలనం 494, అతి పొడవైనది 3,710. సగటులోంచి రెండు విచలనాలు తీసేస్తే రుణసంఖ్య వస్తుంది. పొడవు రుణసంఖ్య కాలేదు కాబట్టి గ్రాఫు గీయకుండానే నార్మల్ ఊహ కొట్టుకుపోయింది. క్యూ-క్యూ ప్లాట్‌లో చుక్కలు రెండు చివరలా గీతకు పైనే ఉంటాయి, కింది భాగం చదునుగా పోయి కుడివైపు పైకి లేచిపోతుంది. కుడి తోక సాగిన ప్రతి దత్తాంశం వేసే వేషం ఇదే.

ఇలాంటప్పుడు "లాగ్ తీసేయండి, సరిపోతుంది" అనేది తడుముకోకుండా వచ్చే సలహా. తీసి చూడాలి కదా. సహజ లాగరిథమ్ తీస్తే అతి చిన్న నది మధ్యగతానికి 1.15 దిగువన ఉంది, అతి పెద్దది 2.17 ఎగువన ఉంది. వంపు తగ్గింది, పోలేదు. కారణం కూడా ఉంది. ఆ జాబితాలో పెద్ద నదులే ఉన్నాయి, చిన్నవాటిని ముందే కత్తిరించేశారు. ఎడమ తోక లేని దత్తాంశానికి ఏ గణిత పరివర్తనా తోక మొలిపించలేదు.

గ్రాఫు కంటే ముందు అడగాల్సినది

కాలక్రమంలో గీసే గ్రాఫు ఏదని ఈపాటికి అనుభవజ్ఞులు అడుగుతారు. నిజానికి పనిలో నేను గీసే మొదటి గ్రాఫు అదే. న్యూకమ్ అంకెలు వేర్వేరు చోట్ల వేర్వేరు వరుసల్లో అచ్చవుతున్నాయి కాబట్టి దీనికి గీయలేదు. దాని విలువ తెలియడానికి మైకెల్సన్ దత్తాంశం చాలు. భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ మైకెల్సన్ 1879లో తీసిన వంద కాంతి వేగం కొలతలు ఇరవై చొప్పున ఐదు విడతలుగా దొరుకుతాయి. సెకనుకు 2,99,000 కిలోమీటర్లకు పైన ఎంత ఉందో రాసిన ఆ అంకెల మొత్తం సగటు 852.4. వందనూ కలిపి క్యూ-క్యూ ప్లాట్ గీస్తే ఒడిదుడుకులున్నా పెద్దగా వంక పెట్టలేం. విడతలవారీగా చూస్తే సగటులు 909, 856, 845, 820.5, 831.5. మొదటి విడత మిగతావాటికి స్పష్టంగా ఎగువన ఉంది. అంటే వంద కొలతలూ ఒకే స్థిరమైన ప్రక్రియ నుంచి వచ్చినవి కావు. కలగలిపిన తర్వాత తిన్నగా కనిపించే గీత ఈ సంగతిని కప్పేస్తుంది. ఇలాంటి చోట విడత సగటును ప్రతి కొలతలోంచి తీసేసి, మిగిలిన శేషాలకే నార్మల్ ప్లాట్ గీయాలి. సమూహాలను పోల్చే ఏ లెక్కలోనైనా నార్మల్ ఊహ శేషాలకు సంబంధించినది, ముడి కొలతలకు కాదు. రెండు వేర్వేరు మందుల ఫలితాలను కలిపేసి "రెండు గుట్టలు వచ్చాయి, ఏం చేయాలి" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నివేదికలో రాసినది

మొదటి ప్రశ్నకు, అంటే సగటుకు: 64 కొలతలతో 27.75, 95 శాతం అంతరం 26.5 నుంచి 29.0. మొత్తం 66తో వేస్తే 26.2, అంతరం 23.6 నుంచి 28.9. రెండూ పక్కపక్కనే ఇచ్చాను. సగటు విషయంలో నార్మల్ ఊహ కొంచెం అటూ ఇటూ అయినా ఇన్ని కొలతలకు పెద్దగా నష్టం లేదు, కేంద్ర అవధి సిద్ధాంతం (కొలతలు చాలినన్ని ఉంటే వాటి సగటు నార్మల్‌కు దగ్గరవుతుందనేది) కాపాడుతుంది. అది కాపాడలేనివి ఆ రెండు విడి బిందువులే, అవి అంతరం వెడల్పును రెట్టింపు చేశాయి.

రెండో ప్రశ్నకు, తర్వాతి ఒక్క కొలతకు: సగటుకు రెండు విచలనాలు అటూ ఇటూ అంటే 17.6 నుంచి 37.9. 64లో ఈ హద్దుల బయట ఉన్నవి నాలుగు, రెండు 16లు, ఒక 39, ఒక 40. నార్మల్ లెక్క ప్రకారం మూడు ఉండాలి, సరిపోయింది. అయితే ఇక్కడ −44, −2లను లెక్కలోంచి తీసేసి ఊరుకుంటే మోసం చేసినట్టే. ఈ పరికరం 66 కొలతల్లో రెండుసార్లు, అంటే మూడు శాతం దాకా, ఘోరంగా తప్పింది. తర్వాతి కొలత కూడా అలా తప్పవచ్చు. హద్దులు రాసి, దాని కిందే ఈ వాక్యం కూడా రాశాను. సగటును అంచనా వేసేటప్పుడు పక్కన పెట్టిన బిందువులను, పరికరం మీద తీర్పు చెప్పేటప్పుడు మళ్లీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

షపీరో-విల్క్ ఫలితం అనుబంధంలో పెట్టాను, ప్రధాన పాఠంలో కాదు. 66 కొలతలకు అది నార్మల్ ఊహను గట్టిగా తోసిపుచ్చుతుంది. ఎందుకు తోసిపుచ్చిందో మాత్రం చెప్పదు: రెండు కొలతల వల్లనా, మొత్తం ఆకారం వల్లనా? పది కొలతలున్నప్పుడు ఈ పరీక్ష దాదాపు దేన్నైనా వదిలేస్తుంది, వేల కొలతలున్నప్పుడు ఏ నష్టమూ లేని వంపును కూడా పట్టి నిలదీస్తుంది.

ఒక్క విషయం మిగిలింది. ఇప్పుడు మనకు తెలిసిన కాంతి వేగంతో, గాలిలో వేగం కాస్త తగ్గుతుందన్న సవరణ కూడా చేసి లెక్కిస్తే, న్యూకమ్ పట్టికలో రావాల్సిన విలువ సుమారు 33. మనం ఇచ్చిన అంతరం 29.0 దగ్గర ఆగిపోయింది. మొత్తం 66 కొలతలతో వేసినదీ 28.9 దగ్గరే ఆగింది. 64 చుక్కలు అంత తిన్నగా పడినా, సగటు మాత్రం అసలు విలువకు ఐదు యూనిట్లు తక్కువగా వచ్చింది. ప్రతి కొలతలోనూ ఒకే మేరకు ఒకే దిశలో ఉన్న దోషం చుక్కలన్నిటినీ కలిపి కిందికి జరుపుతుంది, గీత వాలు మారదు, తిన్నదనం చెడదు. కాబట్టి నివేదికలో నార్మల్ ప్లాట్ కింద రాసిన వ్యాఖ్యలో "యాదృచ్ఛిక దోషాల పంపిణీ నార్మల్‌కు దగ్గరగా ఉంది" అన్న మాట వరకే ఉంచి, క్రమబద్ధ దోషానికి వేరే విభాగం పెట్టి, అదే దూరాన్ని ఇంకో పరికరంతో కొలవాలని సిఫార్సు చేశాను.